ముసలి పిల్లి గొంతు

జపాన్ నుంచి వచ్చిన ఆ బొమ్మల సినిమాలో పిల్లులకు ఒకటే పని, చిరిగిన నీడలు కుట్టడం. పగలంతా మనుషులు తమ నీడల్ని రోడ్ల మీద ఈడ్చుకుంటూ, తలుపుల సందుల్లో నలగ్గొట్టుకుంటూ తిరుగుతారు కదా, అవి చిరగవా మరి? పొద్దు వాలే వేళకు పిల్లులు సందుసందూ తిరిగి, చిరిగిన నీడల్ని నోట కరచుకుని మెట్ల కింద ఉన్న దుకాణానికి తెస్తాయి. అక్కడ ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో ఒక ముసలి పిల్లి కూర్చుని వాటిని కుడుతుంటుంది. అమ్మ మీద అలిగి, తలుపు దబాలున వేసి, ఆ తలుపు సందులో తన నీడను తెంపుకున్న ఒక చిన్నపిల్ల ఆ దుకాణం వెతుక్కుంటూ వస్తుంది. కథంతా అంతే. మధ్యలో దారపు ఉండ కోసం కొట్టుకు చచ్చే మూడు పిల్లికూనలు, పొరపాటున ఒక లావుపాటి ఆసామి నీడ తగిలించుకుని ఠీవిగా ఊరంతా తిరిగే కోడిపెట్ట.

మొదటిసారి చూసినప్పుడు ఆ కోడిపెట్ట దగ్గర మాటలమ్మ కుర్చీలోంచి పడిపోయేంతగా నవ్వింది. ఆ సినిమాకు మన మాటలు రాయడం, వాటిని పలికించడం రెండూ ఆమె పనే. మాటలమ్మ అన్నది డబ్బింగ్ థియేటర్లో వాళ్ళు పెట్టిన పేరు. అసలు పేరు ఇంట్లోవాళ్ళు కూడా మర్చిపోయేలా ఉన్నారు. జపాన్ పిల్ల నోరు మూసే చోట మన మాటలో ప, బ, మల్లో ఏదో ఒకటి పడాలి. తెరిచే చోట నోరు తెరిచే అక్షరమే ఉండాలి. ఇంత తంటాలూ పడ్డాక, వినేవాళ్ళకు అది రాసిన మాటలా కాక అప్పటికప్పుడు అన్న మాటలా ఉండాలి. ముసలి పిల్లి దగ్గర మాత్రం ఆ బాధ లేదు. దాని మీసాలు గుబురుగా పెదవుల మీదికి వాలి ఉంటాయి. ఏమన్నా ఇమిడిపోతుంది. సినిమా మొత్తంలో తన కష్టం తెలిసిన జీవి అదొక్కటేనని మాటలమ్మ ముచ్చటపడింది.

అసలు గొంతులవాళ్ళు వచ్చే ముందు, రాసిన మాటలు నోళ్ళకు సరిపోయాయో లేదో చూసుకోవడానికి ఎవరో ఒకరి చేత ఒకసారి అంతా చెప్పించి రికార్డు చేస్తారు. దాన్ని పైలట్ అంటారు. ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజాలాంటిది. గోడ లేచాక దాన్ని ఎవరూ ఉంచుకోరు. ఆ పనికి ఎవరు దొరికితే వాళ్ళే. ముసలి పిల్లి వంతు వచ్చేసరికి మాటలమ్మకు పిన్ని గుర్తొచ్చింది.

పిన్ని అంటే ఆమె తల్లికి స్వయానా చెల్లెలు. ఒకప్పుడు తెర మీద బడిసంచీ తగిలించుకుని ఏడ్చే కుర్రాళ్ళు, జాతరలో తప్పిపోయే కుర్రాళ్ళు, హీరో చిన్నప్పటి కుర్రాళ్ళు అందరూ ఆవిడ గొంతులోంచి పుట్టినవాళ్ళే. థియేటర్లో ఆవిణ్ణి బుడ్డోడు అనేవాళ్ళు. పెళ్ళయి, కూతురు పుట్టి, తల నెరిసినా బుడ్డోడే. మాటలమ్మను చెయ్యి పట్టుకుని మొట్టమొదట మైకు ముందు నిలబెట్టిందీ ఆవిడే. ఆ తర్వాత వయసుతో పాటు గొంతు బరువెక్కింది. "ఇసక పడిందే గొంతులో" అని తనే నవ్వేది. కుర్రాళ్ళు పలకడం మానేశారు, థియేటర్లు పిలవడం మానేశాయి. ఆ రోజుల్లో గొంతు ఇచ్చినవాళ్ళ పేర్లు తెర మీద వేసే అలవాటు కూడా లేదు. అందుకే పాత సినిమా ఏదైనా టీవీలో వచ్చినప్పుడు, "ఆ పిల్లాడు నేనేనే" అని పిన్ని అంటే, మనవరాలు చిట్టెలుక నమ్మేది కాదు. "వాడు మగపిల్లాడు కదా అమ్మమ్మా! నువ్వు అమ్మమ్మవి" అని కొట్టిపారేసేది.

మాటలమ్మ ఫోన్ చేసింది.

"పిన్నీ, రేపు ఖాళీయేనా?"

"నాకు ఖాళీ కాక ఇంకేముంది? మీ చిట్టెలుకకి జడ వెయ్యడం, అది విప్పుకుంటే మళ్ళీ వెయ్యడం. ఏంటి సంగతి?"

"పిల్లల సినిమా ఒకటి చేస్తున్నాం. పిల్లులది. అందులో ముసలి పిల్లికి గొంతు కావాలి..."

పైలట్ కోసం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అవతల పిన్ని ఊపిరి తీసుకోవడం వినబడింది.

"ముసలి పిల్లా? అంటే నేను పిల్లాడి గొంతు పెట్టక్కర్లేదా?"

"అక్కర్లేదు. నీ గొంతే. ఇప్పుడు మాట్లాడుతున్నావే, ఇదే."

"ఒసేయ్!" పిన్ని పెట్టిన కేకకు మాటలమ్మ ఫోను చెవికి దూరంగా పట్టుకుంది. "నా గొంతే! చిట్టెలుకా, ఇలా రావే! ఇన్నాళ్ళూ నమ్మలేదుగా! ఈసారి సినిమాలో నా గొంతే వస్తుందిట, విని చెబుదువుగాని!"

దూరం నుంచి "అబద్ధం!" అన్న సన్నని కేక వినబడింది. పిన్ని పగలబడి నవ్వింది. ఆ నవ్వు మధ్యలో పైలట్ అన్న మాటను ఎక్కడ దూర్చాలో మాటలమ్మకు తోచలేదు. రేపు ఎలాగూ వస్తుందిగా, ఎదురుగా చెబుదాంలే అనుకుంది. పిన్ని కాలంలో పైలట్లు లేవు. మైకు ముందు ఏది పలికితే అదే తెర మీదికి పోయేది. ఆ సంగతి మాటలమ్మకు తెలుసు. తెలిసే ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పిన్ని అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. గరగరలాడని మెత్తటి నూలు బట్టలు, అడుగు చప్పుడు కాని గుడ్డ చెప్పులు, సంచీలో వేడినీళ్ళ ఫ్లాస్కు. మైకు ముందు ఎలా ఉండాలో ఆ ఒళ్ళు మర్చిపోలేదు. కన్సోల్ దగ్గర కూర్చునే ఆయన్ని అందరూ మీటలాయన అంటారు. ఆయన లేచి నిలబడి, "బుడ్డోడు గారు! ఎన్నాళ్ళయిందమ్మా!" అన్నాడు.

"బుడ్డోడికి మోకాళ్ళ నెప్పులు వచ్చాయి నాయనా. స్టూలు ఎత్తు తగ్గించు" అంది పిన్ని.

గాజు తలుపు వెనక ఆవిడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. తెర మీద ముసలి పిల్లి కళ్ళద్దాలు తుడుచుకుని, నీడ కోసం తొందరపెడుతున్న చిన్నపిల్ల వైపు చూసింది.

"నీడకి తొందర పనికిరాదు బంగారం" అంది పిన్ని. "హడావిడిగా కుట్టామనుకో, పగలంతా ముడతలే."

మాటలమ్మ రాసింది అంతే. కానీ 'బంగారం' ముందు పిన్ని ఒక్క క్షణం ఆగింది, సూది కన్నంలోకి దారం దూర్చేటప్పుడు మనం ఊపిరి బిగబడతామే, అలా. అందులో కుర్రాడు లేడు, వేషం లేదు. ఇసక పడిన గొంతు ఇసకతో సహా అలాగే వచ్చింది. మీటలాయన చేతులు మీటల మీదే ఆగిపోయాయి.

"ఇంకోటి చేద్దామా?" అడిగింది పిన్ని లోపలి నుంచి.

"వద్దు పిన్నీ. బాగుంది."

చివర్లో, నీడ కుట్టీ కుట్టీ అలిసిపోయిన పిల్లి ఆ నీడ మీదే పడుకుని నిద్రపోయే సీను ఉంది. మాటలేమీ లేవు, గురగుర తప్ప. "అది కూడా నేనే చేస్తాను" అంది పిన్ని. కళ్ళు మూసుకుంది. మొదట సన్నగా, తర్వాత గుండెల్లోంచి, మధ్యమధ్య ఒక చిన్న ఈలతో గురగుర మొదలైంది. సీను అయిపోయింది. గురగుర ఆగలేదు.

"నిజంగానే నిద్రపోయారా ఏంటి?" గుసగుసగా అన్నాడు మీటలాయన.

పిన్ని ఒక కన్ను తెరిచింది. "ఇంట్లో చిట్టెలుక దీనికి మోటారు అని పేరు పెట్టింది. అమ్మమ్మ మోటారు ఆన్ చేసింది అంటుంది. దాని ముందు దాచేదేముందీ, సినిమాలో పెట్టేశాను."

వెళ్ళేటప్పుడు వాకిట్లో చెప్పులు వేసుకుంటూ పిన్ని మాటలమ్మ బుగ్గ నిమిరింది. "ఇన్నేళ్ళు ఎవరెవరి గొంతులో పెట్టుకు బతికానే. పోయేలోపల ఒక్కసారి నా గొంతు నేను వింటాననుకోలేదు. దానికి వినిపిస్తాననీ అనుకోలేదు."

అంత మాటన్నాక ఎలా చెబుతుంది? పైగా ఆమెకు ఒక చిన్న ఆశ పుట్టింది. ఇంత బాగా వచ్చాక సినిమా కొన్నవాళ్ళు మాత్రం ఎందుకు మారుస్తారు?

ఆ ఆశ ఉత్తదేం కాదు. అదే బాధ.

సినిమా కొన్న కంపెనీ తరఫున ఆఫీసాయన పైలట్ వినడానికి వచ్చాడు. ముసలి పిల్లి మొదటిసారి నోరు తెరవగానే ముందుకు వంగి కూర్చున్నాడు. అంతా అయ్యాక, "ఎవరండీ ఈ ముసలావిడ?" అన్నాడు.

"పైలట్ కోసం పిలిచాం సార్."

"చాలా బాగుంది. మా పైవాళ్ళు నవ్వులబ్బాయి అంటున్నారు. పోస్టర్ మీద ఆయన పేరుంటే పిల్లల్ని వెంటేసుకుని జనం వస్తారని. కానీ మీరు ఈవిడే కావాలంటే చెప్పండి, నేను మాట్లాడి చూస్తాను. నాకైతే ఈవిడే నచ్చింది. మీరేమంటారు?"

నవ్వులబ్బాయి యాభై దాటిన హాస్యనటుడు. ఆయన తుమ్మినా జనం నవ్వుతారు. మీటలాయన మాటలమ్మ వైపే చూస్తున్నాడు.

ఆ పూట ఆమె బుర్రలో తిరిగింది నవ్వులబ్బాయీ కాదు, పోస్టరూ కాదు. కిందటేడు అదే థియేటర్లో ఇంకో అతను అడవి జంతువుల సినిమా చేస్తూ బావమరిదికి నక్క వేషం, తోడల్లుడికి తోడేలు వేషం ఇచ్చాడు. టీ తాగే చోట దాని మీద ఎన్ని జోకులో. "ఆ అడవిలో పెళ్ళిచూపులు కూడా జరుగుతాయా?" అన్నది మాటలమ్మే. అందరూ నవ్వారు. ఇప్పుడు ముసలి పిల్లి మా పిన్ని అని తెలిస్తే, ఆ నవ్వులన్నీ తన మీదికి తిరుగుతాయి.

"మీ ఇష్టం సార్" అంది. అంతటితో ఆగినా బాగుండేది. "పోస్టర్ మీద పేరు కూడా ముఖ్యమే కదా" అని కలిపింది.

ఆఫీసాయన తల ఊపి, ఫోన్ తీసి బయటికి నడిచాడు.

"అదేంటమ్మా, ఆయనే అడుగుతుంటే!" అన్నాడు మీటలాయన.

"ఆవిడ మా పిన్నండీ."

"అందుకేగా చెప్పాల్సింది" అని ఆయన కుర్చీ తిప్పుకున్నాడు.

నవ్వులబ్బాయి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. అందరినీ పలకరించాడు, ఇచ్చిన మాటలు ఇచ్చినట్టు చెప్పాడు. 'బంగారం' ముందు మాత్రం ఆగలేదు. ఆగమని మాటలమ్మ చెప్పింది. "ఆగితే జనం నవ్వరమ్మా" అన్నాడు. ముక్కుతో పలికే తన మామూలు గొంతును కాస్త సాగదీశాడు, థియేటర్లో నలుగురూ నవ్వారు. నిజం చెప్పాలంటే మాటలమ్మకూ నవ్వొచ్చింది. గురగుర దగ్గరికి వచ్చేసరికి ఆయన హెడ్‌ఫోన్స్ తీసేశాడు. "గురకలు నా వల్ల కాదు తల్లీ. మా ఆవిడ రోజూ ఊరికే వింటోంది, ఊరందరికీ వినిపించానని తెలిస్తే ఊరుకోదు" అంటూ షూటింగుకి వెళ్ళిపోయాడు.

"పైలట్లో ఉన్నది ఉంచెయ్యనా?" అడిగాడు మీటలాయన.

మాటలమ్మ అప్పుడు పిల్లికూనలకు గొంతిచ్చే పిల్లల తల్లుల్లో ఒకావిడతో ఫోన్లో మాట్లాడుతోంది. కూన గొంతు పట్టేసిందిట, ఐస్‌క్రీమ్ తిందిట. "ఏదో ఒకటి చెయ్యండి" అని చేత్తో సైగ చేసింది.

తర్వాత పిన్ని ఎన్నిసార్లు ఫోన్ చేసిందో! "ఏమే, నా పిల్లి ఎలా ఉంది?" అనేది. "బాగుంది పిన్నీ" అనేది మాటలమ్మ. పిల్లి బాగానే ఉంది మరి. అలా అబద్ధం కాని మాటలు ఏరుకుని మాట్లాడటం ఆమెకు చేతనైన పనే. ఒకసారి చెబుదామని కూర్చుంటే పిన్నికి జలుబు. ఇంకోసారి చిట్టెలుక ఫోన్ లాక్కుని పిల్లి తర్వాత ఏం చేస్తుందని ప్రశ్నల వాన కురిపించింది. పిన్ని కూతురు కూడా ఫోన్ చేసి, "అక్కా, అమ్మ వీధి వీధంతా చెప్పేసింది. కూరలమ్మే ఆవిడ కూడా పిల్లి గారూ అంటోంది. నువ్వు చేసిన పుణ్యమే అక్కా, మనిషి మళ్ళీ మనిషైంది" అంది. ఆ మాట విన్న రోజు మాటలమ్మ పొయ్యి మీద పాలు పెట్టి పొంగించేసింది.

సినిమా విడుదలకు ముందు, పనిచేసినవాళ్ళ ఇంటి పిల్లల కోసం ఒక ఆట వేశారు. మధ్యాహ్నం ఆట. పిన్నీ చిట్టెలుకా వస్తున్నారు. హాలు వాకిట్లో పట్టుకుని, లోపలికి వెళ్ళకముందే చెప్పెయ్యాలని మాటలమ్మ ముందుగా వచ్చి నిలబడింది. గోడ మీద పోస్టర్లో పిల్లి ఉంది, పక్కనే చెవుల దాకా నవ్వుతున్న నవ్వులబ్బాయి ఉన్నాడు. పిన్నికి దూరపు చూపు ఆనదు. చిట్టెలుకకు ఇంకా అన్ని అక్షరాలు కూడబలుక్కునే ఓపిక లేదు.

ఇస్త్రీ మడత నలగని బట్టల్లో పిన్ని వస్తోంది. ఆవిడ వేలు పట్టుకుని లాక్కొస్తోంది చిట్టెలుక. తలుపు దగ్గర టికెట్లు చూసే అతనితో, "మా అమ్మమ్మే పిల్లి!" అంది.

"అలాగా! పాలు తాగి వచ్చారా అమ్మా?" అన్నాడతను.

"తాగానయ్యా. మీగడ మీసాలకి అంటిందేమో చూడు" అంది పిన్ని. వెనక ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

"పిన్నీ, ఒక్క మాట..." అంది మాటలమ్మ.

"తర్వాతే తల్లీ, ముందు సీట్లు పట్టుకోనీ. దానికి ఎవరి తలా అడ్డం రాకూడదు."

దీపాలు ఆరిపోయాయి.

చిన్నపిల్ల తలుపు దబాలున వేసింది. నీడ తెగింది. హాల్లో పిల్లలు 'అయ్యో' అన్నారు. మెట్ల కింద దుకాణం కనబడింది. ముసలి పిల్లి వీపు కనబడింది. చిట్టెలుక సీటు మీద మోకాళ్ళ మీద లేచి అమ్మమ్మ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. పిల్లి ఇటు తిరిగింది. కళ్ళద్దాలు తుడుచుకుంది.

"నీడకి తొందర పనికిరాదు బంగారం!"

ముక్కుతో, సాగదీసి. హాలు గొల్లున నవ్వింది.

మాటలమ్మ పిన్ని వైపు తిరగలేకపోయింది. తెర వెలుగులో ఒడిలో ఉన్న చేతులు మాత్రం కనబడ్డాయి. అవి కదల్లేదు.

"ఇది నువ్వా అమ్మమ్మా?" చిట్టెలుక గుసగుస మూడు వరసలకు వినబడింది.

"ష్. సినిమా చూడు."

"నీలా లేదు."

"చూడవే."

కోడిపెట్ట వచ్చింది. లావుపాటి ఆసామి నీడతో పెంటకుప్ప ఎక్కి నిలబడింది. పిల్లలు పడీపడీ నవ్వారు. మాటలమ్మకు ఒక్క మాట చెవిన పడలేదు, రాసినవన్నీ తనవే అయినా. చిట్టెలుక నవ్వలేదు. సీట్లో కిందికి జారి, మాటిమాటికీ అమ్మమ్మ మొహంలోకి తొంగి చూస్తోంది. 'నే చెప్పలేదా, అబద్ధమని' అన్నట్టుంది ఆ చూపు.

నీడ కుట్టడం పూర్తయింది. పిల్లి దారం పళ్ళతో కొరికి, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, నీడ మీదే ముడుచుకుని పడుకుంది. సంగీతం ఆగింది. హాలంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలోకి మొదట సన్నగా, తర్వాత గుండెల్లోంచి, మధ్యమధ్య చిన్న ఈలతో...

"మోటారు!" చిట్టెలుక సీటు మీద నిలబడి అరిచింది. "అమ్మమ్మ మోటారు! మా అమ్మమ్మే! మా అమ్మమ్మే పిల్లి!"

హాలు ఒక్కసారిగా గొల్లున నవ్వింది. పిన్ని దాన్ని నడుం పట్టుకుని కిందికి లాగి గుండెకు అదుముకుంది. నవ్వుతోంది. నవ్వుతూనే భుజం మీది కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ కళ్ళు నవ్వినందుకు తడిశాయో మరెందుకో, అడగదగిన మనిషి మాటలమ్మ కాదు. 'ఏదో ఒకటి చెయ్యండి' అని సైగ చేసిన తన చెయ్యి ఆమెకు గుర్తొచ్చింది. ఆ చేతిని కొంగులో చుట్టుకుని కూర్చుంది.

ఆట అయ్యాక వరండాలో పిల్లలు చిట్టెలుక చుట్టూ మూగారు. ఊరికే ఉంటుందా అది? "పిల్లి మా అమ్మమ్మే, ఇదిగో ఈవిడే" అంటోంది. ముందు పళ్ళు ఊడిన ఒక పిల్ల ఒప్పుకోలేదు.

"గురక ఎవరైనా పెడతారు. మాట్లాడింది మగ గొంతు. మా నాన్న చెప్పాడు, నవ్వులబ్బాయిట."

"కాదు! మా అమ్మమ్మే! మా అమ్మమ్మకి మగ గొంతు కూడా వచ్చు. అమ్మమ్మా, చెప్పు! నీడకి తొందర చెప్పు!"

చిట్టెలుక మొహం ఎర్రబడింది, ఏడుపు రాబోతోంది. పిన్ని దాని వంక చూసింది. తర్వాత మాటలమ్మ వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఎప్పుడో మైకు ముందు నిలబెట్టి, 'నీ వంతు వచ్చినప్పుడు నోరు తెరువు' అని నేర్పినప్పటి చూపులానే ఉంది. మాటలమ్మ నోరు తెరవలేదు.

పిన్ని గొంతు సవరించుకుంది. గడ్డం కాస్త పైకెత్తి, ముక్కు బిగించింది.

"నీడకి తొందర పనికిరాదు బంగారం! హడావిడిగా కుట్టామనుకో, పగలంతా ముడతలే!"

నవ్వులబ్బాయే వచ్చి వరండాలో నిలబడ్డట్టుంది. ఆ సాగదీత, ఆ ముక్కు, 'బంగారం' ముందు ఆగకుండా దూకడం కూడా. ఒక్కసారి విన్నదే, మరోసారి వినక్కర్లేకపోయింది ఆవిడకు. పిల్లలు ఒక్క క్షణం నోళ్ళు వెళ్ళబెట్టి, తర్వాత చప్పట్లు కొట్టారు. పళ్ళు ఊడిన పిల్ల, "ఇంకోసారి, ఇంకోసారి" అంది. చిట్టెలుక కాళ్ళు నేల మీద నిలవలేదు.

పిల్లలు చెదిరాక పిన్ని మాటలమ్మ పక్కకు వచ్చింది.

"ఆయనది మంచి గొంతే పెట్టారు. పిల్లలు నవ్వుతున్నారు" అంది.

"పిన్నీ, నేను..."

"నాకు తెలీదుటే నీ ఇబ్బంది? పెద్ద కంపెనీవాళ్ళు, పెద్ద పేర్లు. నా కోసం వాళ్ళతో ఎంత పోట్లాడావో ఏమో. ఆ గురగుర ఒక్కటైనా పట్టుబట్టి ఉంచావు చూడు, అది చాలు నాకు. దాంతోనే పిల్ల పోల్చుకుంది." ఆవిడ మాటలమ్మ చెయ్యి పట్టుకుని నొక్కింది. అదే చెయ్యి. "మీ అమ్మ ఉంటే చెప్పేదాన్ని, నీ కూతురు నా పరువు నిలబెట్టిందే అని."

పోట్లాడలేదు పిన్నీ. అడిగితే కూడా చెప్పలేదు. ఉంచింది నేను కాదు. ఇవేమీ పెద్ద మాటలు కావు. మూతి కలిసే చోటు, తెరుచుకునే చోటు చూసుకోవాల్సిన పని కూడా లేదు. అయినా మాటలమ్మ గొంతులోంచి వచ్చింది, "జాగ్రత్తగా వెళ్ళండి, రోడ్డు దాటేటప్పుడు చూసుకోండి" అన్నది మాత్రమే.

వాళ్ళిద్దరూ మెట్లు దిగారు. ఎండ పల్చబడి నీడలు పొడుగ్గా సాగాయి. చిట్టెలుక అమ్మమ్మ నీడ మీద కాలు పడకుండా గెంతుతూ నడుస్తోంది. మలుపు దగ్గర వెనక్కి తిరిగి, "పెద్దమ్మా! నీ నీడ మెట్లకి తగులుకుంది, చూసుకో!" అని అరిచింది.

వారం పాటు మాటలమ్మ ఆ మాటల్ని లోలోపల రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. ఎన్నో సినిమాల మాటలు రాసిన చేత్తో తన నాలుగు మాటలు కుదరలేదు. ఒక ఉదయం, ఇంట్లో అందరూ బయటికి వెళ్ళాక, గిన్నెలు సింకులోనే వదిలేసి, చెయ్యి తుడుచుకుని ఫోన్ చేసింది. కుదిరినా కుదరకపోయినా చెప్పెయ్యాలి. పిన్ని తిడితే తిట్టించుకోవాలి. తిట్టకపోతే అదీ పడాలి.

చిట్టెలుక తీసింది.

"పెద్దమ్మా! మా బడిలో అందరికీ చెప్పాను! అమ్మమ్మ ఇప్పుడు రోజూ పిల్లి గొంతుతోనే కథ చెబుతోంది తెలుసా? మామూలు గొంతు వద్దన్నాను, పిల్లిదే బాగుంది. అమ్మమ్మా, పెద్దమ్మ ఫోను! పిల్లిలా మాట్లాడు, పిల్లిలా!"

అటు గుడ్డ చెప్పుల అడుగులు మెత్తగా దగ్గరయ్యాయి. ఫోను చేతులు మారింది.

"చెప్పు బంగారం!" ముక్కుతో, సాగదీసి. వెనక నుంచి చిట్టెలుక కిలకిల నవ్వు.

మాటలమ్మ కూడగట్టుకున్నదంతా నోటిదాకా వచ్చి నిలిచిపోయింది. ఆ గొంతుకు చెప్పాల్సిన మాటలు కావు అవి.

"పిన్నీ" అంది. "నువ్వు మాట్లాడు పిన్నీ."

"నేనేగా మాట్లాడుతోంది!" అంది నవ్వులబ్బాయి గొంతు.